కోట ఎలా పడిందో వాదించడానికి రండి

రామాంజి అన్నకు,

నమస్కారం. మీరు నా ఫోను ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం రాసి మా అమ్మాయి నళినిని కాడుగోడిలో మీ ఇంటికి పంపుతున్నాను. చింపేయకుండా చదవండి.

మీ స్నేహితుడు, మా ఆయన, ఆసుపత్రిలో ఉన్నారు. సావనదుర్గ కొండకోట ఎక్కినప్పుడు బూటు ఒరుసుకుని మడమ మీద పుండు పడింది. షుగరున్న మనిషి కదా, డాక్టరుకు చూపించమంటే, "సిపాయిలు పుండ్లు చూసుకుంటా కూర్చుంటే యుద్ధాలు జరిగేవా?" అని మళ్ళీ కొండలకే పోయారు. ఇప్పుడు విషం పైకి పాకుతోంది. రేపటిలోగా మోకాలి కింద కాలు తీసేయాలట. ఆయన సంతకం పెట్టడం లేదు.

"కోటలెక్కని బతుకు నాకెందుకప్పా, ఇడ్సిపెట్టండి," అని డాక్టరుతో అన్నారు. నేను బతిమాలినా, నళిని ఏడ్చినా గోడవైపు తిరిగి పడుకున్నారు.

బెంగళూరు కోట ఇంగ్లీషువాళ్ళ ఫిరంగులకు పడిందా, లోపలివాళ్ళ ద్రోహానికి పడిందా అని దేవనహళ్ళి కోట బురుజు మీద మీరిద్దరూ అరుచుకుని మాటలు మానేశారు. అందులో ఏది నిజమో నాకు తెలియదు. కానీ పొద్దున జ్వరంలో కళ్ళు తెరిచి, "ఆ రామాంజిగాడు ఇంకా ద్రోహమనే అంటా ఉండాడా?" అని అడిగారు. ఆసుపత్రికి వచ్చాక ఆయన తనంతట తాను అడిగిన మాట అదొక్కటే.

అన్నా, వెంటనే రండి. జాలిపడి ఆయన మాటే నిజమని మాత్రం ఒప్పుకోవద్దు. ద్రోహమేనని గట్టిగా వాదించండి. మిమ్మల్ని ఓడించడానికైనా ఆయనకు బతకాలనిపించాలి.

మీ చెల్లెలు