బావి ఒడ్డున చెప్పులు

6 అక్టోబర్ 2024, ఆదివారం

రఘుపతి పారిపోలేదు. ఎనిమిదేళ్లుగా అదే చెప్తున్నాను, ఒక్కడూ వినడు. బురైమీ కోట పని వదిలేసి, సరిహద్దు కంచె దాటి దుబాయ్ వైపు పోయాడని కంపెనీ వాడి మీద అబ్‌స్కాండింగ్, అంటే పరారీ కేసు, రాయించింది. నా చెల్లెలు రజిత మొగుడు వాడు. కంచె దాటేంత తెలివే ఉంటే అన్నేళ్లు గార కలుపుతూ కూర్చుంటాడా?

ఇప్పుడు అదే కోటకు నన్ను మళ్లీ పంపారు. టూరిస్టుల కోసం రిపేరు. ఈ మట్టి గోడలకు సిమెంటు పట్టదు. సారూజ్ అని, కాల్చిన మట్టి గార పెట్టాలి. ఆ పని వచ్చినవాణ్ని కంపెనీలో నేనే మిగిలాను.

సూపర్‌వైజర్ మాత్రం పాతవాడే. ఖమరుద్దీన్, మా నిజామాబాద్ మనిషి. అబ్‌స్కాండింగ్ రాయించింది అతనే.

9 అక్టోబర్, డ్యూటీ అయ్యాక

కోటకు ఖల్ఫాన్ అని ముసలి కాపలాదారు ఉన్నాడు. పూర్వం ఖర్జూరాలు నిల్వచేసిన కొట్టు చూపించాడు. నేలంతా సన్న కాలువలు. బస్తాలు పేరిస్తే బరువుకు పాకం కారి కుండలో పడేదట. శత్రువు వస్తే దాన్నే మరగబెట్టి గుమ్మం పై కంతలోంచి నెత్తిన పోసేవాళ్లట. నవ్వుతూ చెప్పాడు. కంచె లేనప్పుడు అటూ ఇటూ ఒకటే ఊరని, గాడిదెక్కి మేనత్త ఇంటికి పోయేవాణ్నని చెప్పాడు. అప్పుడు నవ్వలేదు.

లోపలి బావి ఏమైందని అడిగాను. రాళ్లూ మట్టీ పోసి పూడ్చారన్నాడు. పైన రేకు కప్పి ఉంది.

10 అక్టోబర్

సద్దుల బతుకమ్మ. రజిత ఫోన్. ఏటా అడిగేదే అడిగింది: "అన్నా, గాజులు ఉంచుకోవాల్నా, తియ్యాల్నా?"

14 అక్టోబర్

చెప్పులు దొరికాయి.

ఖర్జూరాల కొట్టులో గూట్లో ఉన్నాయి. ఎడమదానికి రాగి తీగ కుట్టు. ఆ కుట్టు నాది. ఘాలా లేబర్ క్యాంపులో నా మంచం మీద కూర్చుని రఘుపతికి వేశాను.

ఖల్ఫాన్‌ను అడిగాను. నా అరబీ అంతంతే, చేతులతో చెప్పుకున్నాం. బావి పూడ్చిన రోజు పొద్దున అవి ఒడ్డున పక్కపక్కన ఉన్నాయట. ఎవరో నమాజుకు విప్పి మరిచాడనుకున్నాడు. మట్టి లారీ కింద నలుగుతాయని తీసి దాచాడు. ఆయన వాళ్లు నమాజుకు విప్పుతారు. మావాళ్లు బావిలో దిగేముందు విప్పుతారు, గంగమ్మను చెప్పులతో తొక్కకూడదని.

చెప్పులు అక్కడే ఉంటే ఎవరో ఒకరు లోపలికి చూసేవాళ్లు. ఖల్ఫాన్‌ను తిట్టలేకపోయాను. ఎనిమిదేళ్లూ దుమ్ము దులిపి పెట్టాడు.

15 అక్టోబర్

రఘుపతి కనబడకుండా పోయిన వారం నేను ఘాలాలో ఉన్నాను. ఇక్కడున్నది ఖమరుద్దీన్. చెప్పులు అతని టేబుల్ మీద పెట్టాను. చాయ్ తాగుతున్నవాడు తాగడం ఆపాడు. బావిలో పడ్డ కప్పీ గొలుసు తియ్యమని సాయంత్రం రఘుపతికి చెప్పాడట. పొద్దున వాడు కనబడలేదట. బావి పూడ్చే లారీలు వచ్చి నిలబడ్డాయట.

"లోపలికి చూసినవా?" అన్నాను.

చెప్పులు నా వైపు జరిపాడు. "చూడలే మామా. చూస్తే పని ఆగుతదని చూడలే."

17 అక్టోబర్

పోలీస్ స్టేషన్‌కు పోయాను. రఘుపతి దేశం దాటినట్టు రాసి ఉంది, బావి తవ్వాలంటే కంపెనీ నుంచి కాగితం తెమ్మన్నారు. ఖమరుద్దీన్ పెద్ద ఆఫీసును అడుగుతానన్నాడు.

20 అక్టోబర్

ఆఫీసు జవాబు లేదు. బావి మీద స్లాబ్ వేసి, టూరిస్టులు ఫోటోలు దిగడానికి బెంచీ కడతారట. గురువారం కాంక్రీట్. గార పని ఆపేశాను. నన్ను ఇంటికి పంపుతామంటున్నారు. పంపమనండి, వాణ్ని తీసుకునే పోతాను.

22 అక్టోబర్, మంగళవారం

ఖమరుద్దీన్‌కు చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. బుధవారం పొద్దుగుంకేలోపు బావి తవ్విస్తారా లేదా చెప్పాలి. తవ్విస్తామని చెప్పకపోతే గురువారం కాంక్రీట్ రాకముందే నా చెప్పులు ఆ ఒడ్డున ఉంటాయి.

ఖల్ఫాన్‌కూ చెప్పాను. ఈసారి తియ్యొద్దని.