అమ్మోరు తొంగున్న సంగతి

రాయగడ

అప్పకి, తమ్ముడు సూరయ్య దండాలెట్టి, ఎవరి సేతా రాయించకుండా సొంతంగా రాస్తున్న ఉత్తరం. నీ మోకాళ్లు ఎలాగున్నాయి? బావకి దగ్గు తగ్గిందా? ఇక్కడ అందరం బాగున్నాం. నీ కూతురు పారోతీ బాగుంది. ముందే సెప్తున్నాను, బాగుంది.

మనూరి నుంచి సింతపండు బేరానికొచ్చిన ఎదవెవడో పారోతికి మతి పోనాదని నీకు సెప్పేడంట. ముందు ఆడి మతి ఎతుక్కోమను. జరిగింది నాను సెప్తాను.

ఇక్కడ సలి ఎక్కువ, కూరల్లో కారం తక్కువ, మా షావుకారికి బుద్ధి ఇంకా తక్కువ. ఆడి సింతపండు గోదాం గేటు కాడ నాను కాపలా. లోపల పారోతీ, ఇంకొందరు ఆడోళ్లూ పిక్కలు తీస్తారు. పొద్దున కూకుంటే దీపాలెట్టీదాకా లెగడం నేదు. మాటాడితే పని మందగిస్తాదని మాటలు కూడా మానిపించేడు. దాంతో పారోతికి నిద్దర పోనాది. ఇంటికొచ్చినా ఒళ్లో సేతులు పిక్కలు తీస్తన్నట్టే కదిలేవి. నీ అల్లుడు లారీ మీద పోయి ఫోన్లో ధైర్యం సెప్తాడు, మగోడు. సర్కారు డాక్టరు పని మానిపించి పడుకోబెట్టమన్నాడు. షావుకారేమో సెలవు నేదు, కావాలంటే దాన్ని విశాఖ పిచ్చాసుపత్రిలో ఒగ్గీసి రమ్మన్నాడు. మన ఇంటా వంటా పిచ్చి నేదని సెప్పి వచ్చేను.

మర్నాడు పారోతి పిక్కలు బస్తాకెత్తి, పండు కాలవలో పారబోసింది. మిగతా ఆడోళ్లు సూసి, నోరిప్పకుండా అలాగే సేసేరు. షావుకారు అరిసేడు. ఒక్కర్తీ తలెత్తలేదు. ఆడికి భయమేసి, మంత్రాలేసే కొండోళ్ల ముసలోణ్ణి, ఇక్కడ దిసారి అంటారు, ఆణ్ణి తెచ్చేడు. ఆ ముసలోడు పారోతి కళ్లలోకి సూసి, అమ్మోరొచ్చిందన్నాడు.

మన ఆనవాయితీ నీకు తెలుసు. కాళ్లు కడిగి, పసుపు రాసి, ఏటి కావాలమ్మా అనడగాల. అడిగినోడే ఇయ్యాల. మహా అయితే కోడిపెట్ట అడుగుతాదనుకున్నాడు పిసినారి. తడిగుడ్డ కట్టుకొని, అందరి ముందూ ఆడే అడిగేడు.

"నాకు నిద్దర కావాల. నాను లెగిసీదాకా నువ్వు పిక్కలు తియ్యి" అంది పారోతి.

అని బస్తాల మీద తొంగుంది. ఎంటనే మిగతావోళ్లందరి మీదకీ అమ్మోరొచ్చేసింది. ఒక్కొక్కర్తీ గుడ్లు తేలేసి పక్కనే పడింది. తొంగున్న అమ్మోర్ని లేపీవోడెవుడు? షావుకారు కుప్ప ముందు కూకున్నాడు. గోళ్లలో పీసులు దిగి ఏడుపు మొకం ఎట్టేడు. మధ్యాన్నం క్యారేజీ తెచ్చిన ఆడి పెళ్లాం గుమ్మంలో నిలబడి సూసింది. క్యారేజీ కిందెట్టి, గుడ్లు తేలేసి, సివరి బస్తా మీద ఆవిడా పడుకుంది.

దిసారి నా సేతిలో ఏపకొమ్మ ఎట్టి ఇసరమన్నాడు. ఆడోళ్లకి ఇసిరే వంశమా మనది? దేవుడి పని కాబట్టి ఇసిరేను. అప్పుడు పారోతి ఒక కన్ను తెరిసి, నాకొక్కడికే ఇనపడేట్టు అంది.

"మావా, కాళ్లకి కూడా గాలి రావాల."

మళ్లీ కన్ను మూసింది. దాని సేతులు సూసేను అప్పా. కదల్లేదు.

ఆ మాట దిసారికీ సెప్పలేదు, షావుకారికీ సెప్పలేదు. నువ్వూ బావకి సెప్పకు, ఆయన కడుపులో ఏదీ ఉండదు. ఇప్పుడు రోజూ అన్నాలయ్యేక గోదాంలోకి అమ్మోరొస్తాది. షావుకారు పిక్కలకి కూకుంటాడు. పని నేర్సుకుంటన్నాడు, మందబుద్ధి.

బావకీ, ఈదిలో పెద్దోళ్లకీ నా దండాలు. నీ కూతురికీ, నాకూ దీవెనలియ్యి. మొక్కులేటీ మొక్కకు. ఊరి నుంచి ఎవరైనా వస్తే ఒక పెద్ద తాటాకు ఇసనకర్ర పంపు. ఏపకొమ్మకి ఆకులు రాలిపోతన్నాయి.

ఇట్లు
నీ తమ్ముడు సూరయ్య