టెంక ఎవరికి

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. అయినా ఇవాళ సింగపూర్‌లో, యూ టీ పేటలోని మా ఫ్లాట్‌లో జరిగింది నీకు చెప్పకుండా ఉండలేను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బంగినపల్లి పండు కోశాను. ముక్కలన్నీ మనవడి పళ్ళెంలో పెట్టి, టెంక మనవరాలికి ఇవ్వబోయాను. తొమ్మిదేళ్ళ పిల్ల, చెయ్యి చాపలేదు.

"నానమ్మా, వై ఆల్వేస్ మీ? ఎవ్రీ టైమ్ అన్నకే ముక్కలు. నాట్ ఫెయిర్ లా!" అంది, ఇక్కడి పిల్లల యాసలో.

"నీకు టెంకంటే ఇష్టం కదే," అన్నాను.

"ఎవరు చెప్పారు?"

మన చిన్నతనం గుర్తొచ్చింది. అమ్మ తమ్ముడికీ నాకూ ముక్కలు పెట్టి, "పెద్దదానికి టెంకంటే ప్రాణం" అనేది. నువ్వు నవ్వుతూ తీసుకునేదానివి. ప్రతిదానికీ లెక్క చూస్తానని పేరు తెచ్చుకున్న నేను, నీకు నిజంగా ఇష్టమేనా అని ఒక్కసారీ అడగలేదు.

ముక్కలు ఇద్దరికీ సమానంగా సర్దాను. మా అబ్బాయి నవ్వాడు.

"మామిడిపండుకి కూడా పంచాయితీయేనా అమ్మా? చిన్న విషయం, వదిలెయ్."

"చిన్న విషయమే కదరా. అయితే నువ్వు తిను," అని టెంక వాడి పళ్ళెంలో వేశాను.

ఇకమీదట ఈ ఇంట్లో టెంక వంతులవారీగా తిరుగుతుంది. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. వాడి తర్వాతి పేరు నాదే. అమ్మ ఎదురుగా ఉన్నా ఇదే రాసేదాన్ని.

నలభై ఏళ్ళవాడు మోచేతి దాకా రసం కార్చుకుంటూ టెంక చీకాడు. వాడికి అదంటే ఇష్టమని మాత్రం ఎవరూ అనలేదు.