బస్తా అవతలి కొస పట్టిన మా బావ గురించి

ఉపాధి కల్పనాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పురపాలక గిడ్డంగి హమాలీ పరీక్షలో మా బావను అనర్హుడిగా ప్రకటించిన ఉత్తర్వును రద్దు చేయించుట గురించి.

మిల్లు వెనక వాడలో నివాసముండి, మిల్లు మూతపడిన నాటి నుండి నివాసముండుట తప్ప వేరే పని లేని నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మా వాడలో నిరుద్యోగాన్ని నిర్మూలించుటకు తమ కార్యాలయము చేసిన కృషిని ముందుగా కొనియాడుచున్నాను. వాడ మొదట్లో "నిరుద్యోగ రహిత వాడ" అని పెద్ద బోర్డు పాతించినారు. గుంత తవ్వడానికి, రంగు వేయడానికి, నిలబెట్టడానికి మనుషులను వేరే వాడ నుండి పిలిపించినారు. మేమేమీ అనుకోలేదు. పొద్దున పూట ఆ బోర్డు నీడ బాగా పడుతుంది. పని లేని వాళ్ళమందరం అక్కడే కూర్చుంటాము.

2. తదుపరి మాకు ఆత్మవిశ్వాస శిక్షణ ఇప్పించినారు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అన్న సామెత తమకు తెలిసే ఉంటుంది. ఆ నూనె మాకు ఉచితంగా రాసినారు. శిక్షకుడు మంచి పిల్లవాడే. ఒక్కొక్కరినీ అద్దం ముందు నిలబెట్టి "నేను ఒంటరిగా దేన్నయినా సాధించగలను" అనిపించాడు. మా బావ వంతు రాగానే అద్దం ముందు కాస్త పక్కకు జరిగి, "నువ్వూ రారా, ఇద్దరం పడతాం" అన్నాడు. "నేను ఒంటరిగా" అని ఇద్దరం కలిసే చెప్పాము. శిక్షకుడికి అప్పుడే అనుమానం రావలసింది. ఆఖరి రోజున ఆయన నన్ను పక్కకు పిలిచి, "అన్నా, నా కాంట్రాక్టు కూడా ఇవాళ్టితో అయిపోతోంది. గిడ్డంగిలో ఇంకో ఖాళీ ఉందని తెలిస్తే నాకో మాట చెప్పు" అన్నాడు.

3. బావ అనగా మా అక్క భర్త. అందరం ఒకే ఇంట్లో ఉంటాము. మిల్లులో మేమిద్దరం ఒక జోడీ. బస్తాకు నాలుగు మూలలు. రెండు అతనివి, రెండు నావి. నేను "పట్టు బావా" అంటే అతను పట్టేవాడు. ఊపి లారీలోకి విసిరేవాళ్ళం. నాకు మీసం రాక ముందు నుంచి మిల్లుకు తాళం పడేదాకా ఇదే పద్ధతి. జోడీలో ఒకడికి జ్వరం వస్తే మేస్త్రీ రెండోవాణ్ణి కూడా ఇంటికి పంపేసేవాడు. బస్తాను ఒంటరిగా ముట్టుకున్నవాణ్ణి మా మిల్లులో దొంగ అనుకునేవారు.

4. పరీక్ష నాడు ఒక్కొక్కరు ఒక్కో బస్తాను కాటా మీదికి ఎత్తవలెనని నియమము. బావను ముందు పిలిచినారు. మనిషి దిట్టం. అటూ ఇటూ చూసి, కాస్త తికమకపడి, చివరికి బస్తాను కౌగిలించుకుని ఎత్తేశాడు. మెడలో పచ్చ బిళ్ళ వేసి పాసైనవాళ్ళ వరుసలో నిలబెట్టినారు. అక్కకు కబురు కూడా వెళ్ళిపోయింది. తర్వాత నన్ను పిలిచినారు. ఒంటరిగా ఎత్తగలనో లేదో నాకే తెలియదు, ఎప్పుడూ ఎత్తి చూడలేదు. వెళ్ళి, వంగి, రెండు మూలలు పట్టుకుని, అలవాటు కొద్దీ "పట్టు బావా" అన్నాను.

అంతే అయ్యా. పచ్చ బిళ్ళ మెడలో ఊగుతుండగా బావ వరుస దాటుకుని వచ్చి అవతలి రెండు మూలలు పట్టేశాడు. బస్తా కాటా మీద పసిబిడ్డను పడుకోబెట్టినట్టు కూర్చున్నది. పరీక్షాధికారి గారు ఈల ఊదినారు.

5. "బయటి సహాయం పొందిన అభ్యర్థి, అందించిన అభ్యర్థి, ఇరువురూ అనర్హులు" అని ఉత్తర్వు వచ్చినది. బావ మెడలోని బిళ్ళ అక్కడికక్కడే తీసేసుకున్నారు. ఇంటికెళ్ళాక అక్క ఇద్దరినీ గుమ్మంలోనే నిలబెట్టి, "పిలిచినవాణ్ణి అనాలా, పరిగెత్తినవాణ్ణి అనాలా? జోడీగా పని పోగొట్టుకొచ్చారుగా, జోడీగానే తినండి" అన్నది. ఆనాటి నుండి ఇద్దరికీ ఒకే కంచంలో పెడుతున్నది. బావ చెయ్యి ఎంత పెద్దదో కాటా దగ్గర తమ సిబ్బంది చూసే ఉన్నారు. నాకు ఏం మిగులుతుందో తమరు ఊహించగలరు.

6. ఇక్కడి నుండి నాకు ఆఫీసు భాష రావడం లేదు, మన్నించండి. మా అక్క నాలుగిళ్ళలో అంట్లు తోముతుంది. చేతులు పగిలి నెత్తురు వస్తుంటుంది. బావ పాసయ్యాడని కబురు రాగానే సంతోషం పట్టలేక రెండిళ్ళు మానేస్తున్నానని చెప్పేసింది. మళ్ళీ వెళ్ళి అడిగితే వేరే మనిషిని పెట్టుకున్నామన్నారట. ఇంత జరిగినా బావ నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. నేనే ఉండబట్టలేక, "బిళ్ళ మెడలో పడ్డాక మళ్ళీ ఎందుకొచ్చావు బావా" అని అడిగాను. "పిలిచావుగా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

కావున, వచ్చే సోమవారం ఆ ఖాళీలను వేరేవాళ్ళతో నింపేలోపల బావ పచ్చ బిళ్ళ బావకు తిరిగి ఇప్పించవలెను. తప్పు పిలిచిన నాది. నన్ను అనర్హుడిగానే ఉంచండి. బోర్డు నీడలో నాకు చోటున్నది. ఈ అంశం బావకు చదివి వినిపించలేదు. వినిపిస్తే కాగితం చింపేస్తాడు.

తమరు దీనిని ముందు చదివి, ఆ పిమ్మట చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బస్తా ఇవతలి కొస

తా.క.: ఈ అర్జీ ఇద్దామని బావా నేనూ తమ కార్యాలయానికి వచ్చాము. మెట్ల మలుపులో ఒక ఇనప బీరువా అడ్డంగా ఉన్నది. లోపల మా వాడ శిక్షణ కాగితాలేనట. తమ జవాను, గుమాస్తా, డ్రైవరు తలా ఒకవైపు లాగి దాన్ని గోడకూ రెయిలింగుకూ మధ్య బిగించేసినారు. ముగ్గురికీ ఆత్మవిశ్వాసం నిండుగా ఉన్నది. తమరు పైన, మేము కింద, బీరువా మధ్యలో. "ఎవరో ఒకరు పట్టండయ్యా, నేను అర్జెంటుగా కిందికి రావాలి" అని తమరు పిలవడం విన్నాము. మరుగుదొడ్డి కింది అంతస్తులోనే ఉన్నదని, బీరువా మీదుగా పాకడానికి తమకు పొట్ట అడ్డమని జవాను చెప్పాడు.

బావ చూడగానే, "ఇది మనిద్దరి పనేరా" అని బీరువా మీదుగా పాకి అవతలి కొస దగ్గర నిలబడ్డాడు. ఈ కాగితం తమకు అందించేది అతనే. చదవడం రాదు కనుక ధైర్యంగా పంపుతున్నాను. నేను ఇవతలి కొస దగ్గర మెట్టు మీద కూర్చుని ఈ ముక్క రాస్తున్నాను. ఇక "పట్టు బావా" అనడమే తరువాయి. కానీ సహాయం అందించినవారు అనర్హులని తమ ఉత్తర్వు చెప్పుచున్నది. ఆ తప్పు రెండోసారి చేయలేము.

కావున మేమిద్దరం కలిసి ఎత్తవచ్చునని తమరు ఈ కాగితం వెనకవైపు ఒక్క ముక్క రాసి, సంతకం చేసి, బీరువా మీదుగా కిందికి జార్చ ప్రార్థన. తొందర లేదు. మాకు వేరే పనేమీ లేదు.