ముందు రెండు, వెనక రెండు

అక్టోబర్ 19, ఆదివారం

మొదటి మంచు. నిలవలేదు. గడ్డి మీద పడి కరిగిపోయింది. అయినా వెళ్ళి కారు టైర్లు చూసొచ్చాను.

కొత్త కిడ్నీ కోసం మా ఆయన ఆర్వో పేరు రాయించి మూడో ఏడు నడుస్తోంది. లిస్టులో బాగా పైకొచ్చాడనీ, ఇక ఏ రోజైనా ఫోన్ రావచ్చనీ డాక్టరమ్మ మొన్న చెప్పింది. వస్తే ఎనిమిది గంటల్లో పక్క రాష్ట్రంలో మాడిసన్ ఆసుపత్రిలో ఉండాలి. లేకపోతే ఆ కిడ్నీ తర్వాతి పేరుకి పోతుంది. మాడిసన్ ఎండాకాలంలోనే ఆరు గంటల దారి. ఇక్కడి చిన్న విమానాలు మంచు పేరు వింటేనే రద్దయిపోతాయి. అంటే కారే. నడపాల్సింది నేనే.

మా కారుకి ఉన్నవి ఆల్ సీజన్ టైర్లు. మంచు టైర్లు వేయిద్దామన్నాను. ముప్పై ఏళ్ళు ఈ జిల్లా రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపినవాణ్ణి, నాకు టైర్ల గురించి చెప్తావేమే అన్నాడు మా ఆయన. రిటైరైనప్పుడు ఆ లారీని ఇంటికి తెచ్చుకోలేదుగా అన్నాను. 

అక్టోబర్ 25, శనివారం

డయాలిసిస్ నుంచి వచ్చేసరికి ఇంట్లో ఇంపీ ఉంది. ఆర్వో చెల్లెలు. ఈ జబ్బుకి బంగాళాదుంప పడదని, పిండిలో మాంసం, ఉల్లిపాయలు మాత్రం పెట్టి మడిచి కాల్చిన పాస్టీలు తెచ్చింది. మనసు వెన్న. నోరు మాత్రం కాదు.

టైర్ల మాట ఎత్తాను. వదినా, నీకు భయం ఎక్కువ, మా బండి చూడు, ఫోర్ వీల్ డ్రైవ్, ఎంత మంచులోంచైనా లాక్కొచ్చేస్తుంది అంది. లాక్కొస్తుంది సరే, ఆగమంటే ఆగుతుందా అన్నాను. ఆర్వో నవ్వాడు. చాలా రోజులకి. అంతలోనే చెల్లెలి పక్షం వెళ్ళిపోయాడు. ఆల్ సీజన్ అంటే అన్ని కాలాలకీ అనే కదే, చలికాలం కాలం కాదా ఏంటి అన్నాడు. ఆ పేరు పెట్టినవాడు ఫ్లోరిడాలో కూర్చుని పెట్టుంటాడు అన్నాను.

టైర్ల కొట్టు వైనో నాకు చెప్పిందంతా చెప్పాను. చలి ముదిరితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోయి చెక్కలా అవుతుందని, మంచు టైరు రబ్బరు మెత్తగానే ఉండి నేలను పట్టుకుంటుందని. టైర్లమ్మేవాడు టైర్లు కొనమనక మానెయ్యమంటాడా వదినా అంది ఇంపీ. ఇద్దరూ కలిసి నవ్వారు. నేను గిన్నెలు కొంచెం గట్టిగా కడిగాను.

నవంబర్ 3, సోమవారం

చెవిన ఇల్లు కట్టుకుని పోరితే సగం ఒప్పుకున్నాడు. సగమంటే నిజంగానే సగం. రెండు టైర్లు, అవీ ముందు చక్రాలకే. ఇంజను తిప్పేది ముందు చక్రాలనే కదా, వెనకవి ఊరికే వెంటపడి వచ్చేవేగా అట.

వైనో ఒప్పుకోలేదు. హిల్మక్కా, వేస్తే నాలుగూ వేస్తా, లేకపోతే ఒక్కటీ వెయ్యను, నా చేత్తో నిన్ను చంపుకోను అన్నాడు. ఆర్వోకి రోషం వచ్చింది. వైనో దగ్గరే రెండు టైర్లు కొని, కారులో పడేసుకుని, పక్కూళ్ళో ఇంకెవరి చేతో బిగించుకొచ్చాడు. వాటి జత రెండూ అమ్మకుండా నీకోసం పక్కన పెడతానక్కా అని వైనో నా చెవిలో చెప్పాడు.

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. నాకు రాజే దొరికుంటే బాగుండేది.

నవంబర్ 6, గురువారం

ఫోన్ స్నానాల గదిలోకి కూడా పట్టుకెళ్తున్నాను.

నవంబర్ 13, గురువారం

సోమవారం నుంచి ఆగకుండా పడుతోంది. ఈ రోజు జరిగింది రాయాలి, లేకపోతే తల పగిలేలా ఉంది.

డయాలిసిస్‌కని హాంకాక్ కొండ దిగుతున్నాం. కింద ఎర్ర లైటు పడింది. బ్రేకు తొక్కాను. ముందు చక్రాలు పట్టాయి. వెనకవి పట్టలేదు. కారు వెనక భాగం నన్ను దాటి ముందుకొచ్చింది. చెప్తే ఎవరూ నమ్మరు గానీ అలాగే జరిగింది. కన్ను మూసి తెరిచేలోగా నేను కొండ పైకి చూస్తున్నాను, మేం దిగొచ్చిన దారినే. పైనుంచి స్కూలు బస్సు దిగుతోంది. ఆ డ్రైవరమ్మ కళ్ళు కనిపించాయి. అలా వెనక్కే జారుకుంటూ పోయి రోడ్డు పక్క మంచు గుట్టకి గుద్దుకుని ఆగాం. బస్సు మమ్మల్ని రాసుకున్నట్టే పోయింది.

నా చేతులు స్టీరింగు వదల్లేదు. ఆర్వోనే ఒక్కో వేలూ విడదీశాడు. తిడతాడనుకున్నాను. సర్లే హిల్మా, ఇలా పడుతున్నప్పుడు ఫోన్ వస్తే రాలేమని చెప్పేద్దాం, వాళ్ళూ మనుషులే, అర్థం చేసుకుంటారు అన్నాడు. హాయిగా అన్నాడు. ఆ హాయి చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇప్పుడు రాస్తుంటే అర్థమవుతోంది. ఈ మనిషికి వద్దనిపించేది టైర్లు కాదు. మాడిసన్ వెళ్ళడమే వద్దు. ఆ మాట తన నోటితో అనలేక మంచు చేత అనిపిస్తున్నాడు.

నవంబర్ 14, శుక్రవారం

మిగతా రెండూ వేయించేద్దామని ఆర్వోతో చెప్పకుండా వైనో కొట్టుకి వెళ్ళాను. తాళం. తలుపుకి అట్టముక్క. అడవిలో ఉన్నాను, డిసెంబర్ ఒకటిన వస్తాను, అంతదాకా మెల్లగా నడపండి అని రాసుంది.

రేపటి నుంచి జింకల వేట. ఈ ఊళ్ళో వేటకి బడే మూసేస్తారు, టైర్ల కొట్టెంత. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఈ ఏడు ఫోన్ ధ్యాసలో పడి మర్చిపోయాను. పక్కూళ్ళో కొట్టూ మూసే ఉంది. కారులో కూర్చుని కాసేపు ఏడ్చి, ఇంటికి గుర్రబ్బండి వేగంతో వచ్చాను.

నవంబర్ 15, శనివారం

శనివారం గనక సౌనా, అదే పెరట్లో ఆవిరి స్నానాల గది, కాచాను. సౌనాలో అబద్ధం ఆడకూడదని మా అమ్మమ్మ అనేది. అందుకే అక్కడే అడిగాను, నీకు బతకాలని ఉందా లేదా అని.

ఆర్వో కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోశాడు. ఆవిరి తగ్గేదాకా ఆగి మళ్ళీ పోశాడు. అప్పుడు చెప్పాడు. మనకి ఫోన్ రావాలంటే ఎవరో చచ్చిపోవాలి కదే, ఈ కాలంలో ఇక్కడ ఎలా చచ్చిపోతారో నాకు తెలుసు, లారీ ఆపి గుంటల్లోంచి ఎంతమందిని లాగాను, అందరూ కుర్రాళ్ళు, అరిగిపోయిన టైర్లు, రేడియో ఇంకా పాడుతుంటుంది. నేనిక్కడ కుర్చీలో కూర్చుని, మంచు పడినప్పుడల్లా ఇవాళ ఎవడు జారతాడా అని ఎదురుచూస్తున్నాను. ఎదురుచూస్తున్నానే హిల్మా. దానికంటే చావడం నయం.

పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళు. ఆర్వో నోటి నుంచి ఒక్కసారిగా ఇన్ని మాటలు రావడం ఇదే మొదలు.

నాకు జాలి రావాలి. కోపం వచ్చింది. నువ్వు వెళ్ళకపోతే వాడు లేచొస్తాడా అన్నాను. వాడి కిడ్నీ పుచ్చుకుని వేరేవాడు బతుకుతాడు, నువ్వు చస్తావు, నేను మిగులుతాను, దీనిలో ఎవరికి ఏం ఒరిగింది అన్నాను. తువ్వాలు చుట్టుకుని మంచులోకి వెళ్ళి నిలబడ్డాను. చలి తెలియలేదు.

నవంబర్ 16, ఆదివారం

పొద్దున లేచేసరికి వంటింటి కుర్చీ మీద ఆర్వో వేట కోటు మడత పెట్టి ఉంది. నారింజ రంగుది, అడవిలో మనిషిని చూసి జింకనుకుని కాల్చకుండా వేసుకునేది. ఆర్వో కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వైనో ఏ వేట గుడిసెలో ఉంటాడో ఆర్వోకీ తెలుసు. కోటు వేసుకున్నాను. చేతులు పొడుగై వేళ్ళు కప్పేశాయి.

వెనక చక్రాలు జారకుండా డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకుని అడవి మొదలుదాకా కారు నడిపాను, అక్కణ్ణుంచి మోకాలిలోతు మంచులో నడిచాను. వేట గుడిసెకి ఆ రెండు వారాలూ ఆడవాళ్ళు వెళ్ళరు. నాకు తెలిసి ఎవరూ వెళ్ళలేదు. తలుపు తీస్తే లోపల ఆరుగురు, పేకాట, లోపలి బట్టలు. ఒకడు దుప్పటి లాక్కున్నాడు. ఎవరైనా పోయారా అని అడిగాడు ఇంకొకడు. పోలేదు, పోకుండా ఉండడానికే వచ్చాను, వైనో ఏడి అన్నాను.

వైనో ముక్కలు బల్ల మీద పడేసి లేచాడు. రెండేగా అక్కా అన్నాడు. వెళ్తే ఆఖరి రోజుదాకా అంట్లన్నీ నువ్వే తోమాలిరా, వేట మధ్యలో గుడిసె వదిలినవాడికి అదే శిక్ష అని మిగతావాళ్ళు అరిచారు. తోముతా, మీరు తినేది కొంచెం శుభ్రంగా తినండి చాలు అని బూట్లు వేసుకున్నాడు.

కొట్టు తెరిచి బిగించేటప్పుడు తిట్టాడు, ఆర్వోని కాదు, నన్ను. బస్సు సంగతి విన్నానక్కా, ముందు కాళ్ళకే లాడాలు కొట్టి మంచులోకి తోలితే గుర్రం ఏమవుతుంది అన్నాడు. మాటలు పడుతూనే నట్లు అందించాను.

నవంబర్ 19, బుధవారం, ఉదయం 9.10

ఫోన్ వచ్చింది.

నవంబర్ 20, గురువారం, మాడిసన్

ఆర్వోని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళిపోయారు. కూర్చోలేకపోతున్నాను. రాస్తాను.

నిన్న సాయంత్రం అయిదుకల్లా ఇక్కడ ఉండమన్నారు. బయల్దేరేటప్పటికే మంచులో ఎదర కారు వెనక లైట్లు తప్ప ఏమీ కనబడటం లేదు. ఇంపీ తన బండిలో దింపుతానంది. వద్దులే ఇంపీ, మా కారు ఆగుతుంది అన్నాడు ఆర్వో. ఆ మాటకి ముద్దు పెట్టుకోవాలనిపించింది. టైము లేదు.

మా రాష్ట్రం దాటి విస్కాన్సిన్‌లోకి దిగాక, ఎవరూ లేని చోట, గుంటలో చిన్న కారు. లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. గుంటలో పడ్డ కారుని మా వైపు ఎవరూ దాటుకుని పోరు. అది చట్టం కాదు, అంతకంటే గట్టిది. నేను చూడనట్టు పోదామనుకున్నాను. ఎవరూ చదవరు గనక రాస్తున్నాను. ఆపు అన్నాడు ఆర్వో. ఆపితే నీ కిడ్నీ పోతుంది అన్నాను. ఆపవే అన్నాడు. తలుపు అప్పటికే తెరిచాడు.

ఆపాను. లోపల పంతొమ్మిదేళ్ళ పిల్ల, చేతులు నీలం తిరిగిపోయి, ఏడవడం కూడా మానేసి కూర్చుంది. ఒక్క గీరు లేదు. రేడియో పాడుతోంది. ఆర్వో మంచులో దిగబడుతూ వెళ్ళి తలుపు లాగాడు, ఆ రేడియో కట్టేశాడు, పిల్లని చంకలో పట్టుకుని తీసుకొచ్చాడు. మనిషికి మెట్లెక్కితేనే ఆయాసం. వెనక్కి వెళ్ళి జేబులోంచి సెంటు నాణెం తీసి ఆ కారు టైరు గాడిలో దూర్చి, మా కిటికీలోంచి చూస్తున్న ఆ పిల్లకి చూపించాడు. నాణెం లోతుగా దిగితేనే టైరు మంచిది, ఇక్కడ దిగడానికి చోటే లేదు. ఆల్ సీజన్ టైర్లేగా తాతా, పర్లేదని మా నాన్న అన్నాడు అంది. మీ నాన్నకి నేను ఫోన్ చేస్తాను, నంబరు చెప్పమ్మా అన్నాడు. చేశాడు. మంచు లారీ నడిపే రోజుల్లో వాడిన మాటలన్నీ వాడాడు.

తర్వాతి ఊళ్ళో పెట్రోలు బంకు దగ్గర దింపాం. మీరెక్కడికి అని అడిగితే, చుట్టాలింటికి అన్నాడు.

ఆ తర్వాత నేను భయపడటం మానేసి నడిపాను. ఒక చోట దుంగల లారీ రోడ్డుకడ్డంగా తిరిగి ఉంది. మలుపు తిరిగేదాకా కనబడలేదు. బ్రేకు మీద కాలు పెట్టాను. నాలుగూ పట్టాయి. కారు ఇటూ అటూ తిరక్కుండా, చెప్పిన మాట విన్నట్టు నిలబడింది. లారీ దుంగల చివర్లు అద్దం ముందు, నేను లెక్కపెట్టగలిగేంత దగ్గర.  ఆర్వో చెయ్యి జాపి డాష్‌బోర్డు నిమిరాడు.

చేరేసరికి అయిదు దాటి ఇరవై నిమిషాలు. గుమ్మంలో చక్రాల కుర్చీతో నర్సు. దారిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉండి, వాళ్ళు చేసినప్పుడు మా ఫోన్ పలకలేదట. ఇంకో పావుగంట చూసి ఇంకొకర్ని పిలిచేవాళ్ళమమ్మా అంది.  నేనే ఆ కుర్చీలో కూర్చున్నాను. నీక్కాదే, నాకు అన్నాడు ఆర్వో.

నవంబర్ 22, శనివారం

ఒంటేలు. సంచీ నిండా. తేనె రంగు. జీవితంలో ఇంత అందమైనది చూడలేదు.

పూర్తిగా తెలివొచ్చాక ఆర్వో నన్ను అడగలేదు, నీళ్ళు అడగలేదు. నర్సుని దగ్గరికి పిలిచి, అమ్మా, ఈ కిడ్నీ ఇచ్చిన మనిషి కారుకి ఏ టైర్లు అని అడిగాడు. మత్తులో ఉన్నాడనుకుంది. మళ్ళీ అడిగాడు. ఎవరన్నది చెప్పకూడదు బాబాయ్, కారో కాదో కూడా చెప్పకూడదు అంది మెల్లగా. ఆర్వో గోడవైపు తిరిగాడు. వీపు కదులుతోంది. నేను ఆ వీపు మీద చెయ్యి వేసి ఉంచాను.

మార్చి 1, ఆదివారం

డాక్టర్లు ఆర్వోని ఇవాళే మొదటిసారి చర్చికి రానిచ్చారు, మూతికి గుడ్డ కట్టుకుని వెనక బల్ల మీద కూర్చోవాలని షరతు. పాస్టరు ప్రసంగం మధ్యలో చూస్తే పక్కన ఆర్వో లేడు. బయటికి పరుగెత్తాను.

మంచులో మోకాళ్ళ మీద ఉన్నాడు. చేతిలో సెంటు నాణెం, ఒక్కో కారు టైరు గాడిలో దూర్చి చూస్తున్నాడు. మొదటి వరస కార్లు అయిపోయాయి, ఇంపీ బండి దగ్గరికి వచ్చాడు.

పాస్టరు వచ్చి నా వెనక నిలబడ్డాడు. కార్లన్నీ అయ్యేదాకా ఆగమన్నాను.