తమ్ముని కార్బొరేటర్

కోవెంట్రీ, 9 నవంబర్ 2014

అన్నయ్యా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కనుక కార్డు రాస్తున్నాను. క్షేమమే, ఒళ్లు అలిసిపోయిందంతే. నేను పనిచేసే గ్యారేజీకి, ఇక్కడే ఉండే మన తెలుగాయన రాజలింగం అంకుల్ తెచ్చిన పాత బైకు మూడు వారాలు నా ప్రాణం తోడేసింది. కార్బొరేటర్ ఎన్నిసార్లు విప్పి కడిగి బిగించినా ఇంజన్ ఆగిపోయేది. నిన్న దాని మీది మురికి గీకితే నంబరు కనిపించింది. అది వేరే బండిది! మార్చేద్దామన్నాను.

"వద్దు బిడ్డా, అది మా తమ్ముని బండిది. వాడు పోయినంక నేనే ఎక్కించిన," అన్నారాయన.

దాన్నే ఉంచి, పెట్రోలును కొలిచి వదిలే జెట్ ఈ ఇంజనుకు సరిపడేది వెతికి దాంట్లో వేశాను. ఇంజన్ అందుకుంది. ఆయన చాలాసేపు ఆపనివ్వలేదు.

వదిన నడుం నొప్పి తగ్గిందా? పాపకు కొత్త బడి అలవాటయిందా? నాన్న మెకానిక్ షాపు అమ్మేద్దామని నీతో పోట్లాడాను. తప్పు నాదే. అమ్మొద్దు. వదినకు నమస్కారాలు, పాపకు ముద్దులు.

నీ తమ్ముడు
శ్రీపతి