ఒక ఆదివారం బంతికి, ఒక ఆదివారం టెంటుకి

నెహ్రూ నగర్, భిలాయి
ఆదివారం పొద్దున్న

మా అప్పకి,

నీ చెల్లి పైడమ్మ దండాలు. బావకి కూడా నా నమస్కారాలు చెప్పు. నువ్వెలగున్నావు, బావ మోకాలు ఎలగుంది, లావణ్య పెళ్ళి పనులు ఎందాకా వచ్చాయి, అన్నీ వివరంగా రాయి. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. తింటున్నాం, తిరుగుతున్నాం, ఒంట్లో ఏ నలతా లేదు. నువ్వేటీ బెంగపెట్టుకోకు.

చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరమేటి, దీనికి మతి గాని పోయిందేటి అనుకుంటావు. ఫోనైతే నువ్వు స్పీకరు పెట్టీసి చారుకి పోపు పెడతావు. బావ వింటాడు, ఎదురింటి చిన్నమ్మలు వింటది, సాయంత్రానికి చీపురుపల్లంతా వింటది. ఈ మాట నీ ఒక్కదానికే. చదివీసి బీరువాలో పడీ. ఇంకోటేటంటే, ఫోనులో అయితే నేను ఏడుస్తాను.

ఇక్కడ ఎండలు మామూలు ఎండలు కావప్పా. మనకి చెమటలు కారతాయి, ఇక్కడ చెమట పట్టేలోపే ఆరిపోద్ది. నౌతపా అని ఒక తొమ్మిది రోజులుంటాయి, అప్పుడు వీధిలో కుక్క కూడా కనబడదు. కూలరులో నీళ్ళు పోసి పోసి నా నడుం పడిపోయింది. ఒక్క సుఖం ఏటంటే, ఇక్కడోళ్ళు కూడా రాత్రన్నంలో నీళ్ళు పోసుకుని పొద్దున్న ఉల్లిపాయ నంజుకు తింటారు. బోరే బాసీ అంటారు. పేరు మారింది గాని మన తరవాణన్నమే. అది తిన్నప్పుడు కాసేపు మనూళ్ళో ఉన్నట్టుంటది. తరవాత మళ్ళీ మామూలే. మీ మరిదిగారు హథ్‌ఖోజ్‌లో తన లేతు మిషన్ల దగ్గరికి వెళ్ళిపోతే సాయంత్రం దాకా నాతో తెలుగులో మాటాడేది ఈ గోడలే.

ఈ సంబంధం తెచ్చిందానివి నువ్వు. పిల్లలు పుట్టరని ఆ మొదటివాడు నన్ను ఒగ్గేసాక, ఇంక నాకు పెళ్ళేటప్పా అని నేనంటే, నువ్వేటన్నావు? "భార్య పోయిన మనిషి, మంచోడు. ఇంకా పెళ్ళీడు రాని ఒక ఆడపిల్లుంది. నీ కడుపున పుట్టకపోతేనేటే, నీ ఒళ్ళోకొస్తది" అన్నావు. ఆ ఒక్క మాట పట్టుకునే కదా రైలెక్కాను. నీమీద కోపంతో రాయటంలేదు. నాకు ఎక్కడ దెబ్బ తగిలిందో నీకు తెలియాలని రాస్తున్నాను.

ఈ వేసంగంతా మా ఇంట్లో ఒకటే తగువు. ఆదివారం గోల్ఫుకా, టెంటుకా అని.

గోల్ఫంటే నీకు తెలీదు, నాకూ తెలీదు మొన్నటిదాకా. ఇనప కర్రతో తెల్లబంతిని ఒక్కటిచ్చుకోవాలి, అదెక్కడ పడిందో వెతుక్కుంటూ పోవాలి, దొరికాక మళ్ళీ ఇచ్చుకోవాలి. ఆఖరికి అది ఒక చిన్న కన్నంలో పడాలి. మేకలోళ్ళు చేసే పనేనప్పా, మేకలుండవంతే. ఎండకి గడ్డంతా మాడిపోయి, ఆ కన్నం చుట్టూ నూనె కలిపిన ఇసక పోసుంటది. ఇంత ఎండలో అదేం సరదానో గాని, ఆదివారం వస్తే మీ మరిదిగారు తెల్లారకుండానే లెగిసి టోపీ పెట్టుకుని వెళిపోయేవారు. నలుగురు స్నేహితులు, ఆటయ్యాక చాయ్, ఎండెక్కాక ఇల్లు.

టెంటు సంగతి వేరు. అది మా పిల్ల గుడియా కన్నతల్లిది. ఆవిడ లలితగారు బతికున్నన్నాళ్ళూ వేసవిలో శనివారం వస్తే చాలు, ముగ్గురూ కారులో గిన్నెలూ దుప్పట్లూ వేసుకుని తాందులా డ్యాము దగ్గరికి వెళిపోయేవారట. అక్కడ తెలిసినవాళ్ళ మామిడితోటలో టెంటు వేసుకుని, రాళ్ళ పొయ్యిమీద వండుకుని, నీళ్ళగాలికి తొంగుని, ఆదివారం వచ్చీవారట. ఆవిడ పోయాక ఆ టెంటు అటకెక్కింది. ఆయన గోల్ఫు నేర్చుకున్నది ఆ తరవాతే. ఆదివారాలు గడవక.

నేనొచ్చిన మొదటి వేసవిలో ఎవరూ దాని ఊసెత్తలేదు. ఈ ఏడు ఏటయిందో, ఇస్కూలు సెలవులిచ్చిన మర్నాడే గుడియా స్టూలెక్కి తనే ఆ టెంటు దింపీసి డాబామీద పరిచీసింది. "పాపా, సండే చలేంగే" అంది, ఆదివారం వెళ్దామని. ఆయనేమో "మ్యాచుంది బేటా, వచ్చే వారం" అన్నారు. వచ్చే వారం కూడా వచ్చే వారమే అయింది. పిల్ల మూతి ముడుచుకుంటది, ఆయన తల దించుకుంటారు, మధ్యలో గరిటె పట్టుకుని నేను.

నేనూరుకుంటానేటి? పంచాయితీ పెట్టీసాను. ఒక ఆదివారం బంతికి, ఒక ఆదివారం టెంటుకి. బంతి ఆదివారం మేమిద్దరం కూడా క్లబ్బుకి వెళ్ళి వేపచెట్టు కింద కూకుని నిమ్మరసం తాగుతాం. టెంటు ఆదివారం ఆయన మాతో రావాలి. ఇద్దరూ సరేనన్నారు. మొదటిసారి ఈ ఇంట్లో నా మాట చెల్లిందప్పా. ఎంత పొంగిపోయానో!

క్లబ్బులో ఒకావిడ నన్ను చూపించి ఎవరమ్మా అని గుడియాని అడిగింది. "పాపా కీ వైఫ్ హైఁ" అంది పిల్ల. నాన్న భార్యట! తప్పేం చెప్పలేదు. చాలా మర్యాదగా చెప్పింది. నేను నవ్వీసి ఇంకో గ్లాసు నిమ్మరసం తాగీసాను.

మొదటి టెంటు వారం తాందులా వెళ్ళాం. ఆయన మాట నిలబెట్టుకున్నారు గాని సగమే. శనివారం వచ్చి తోటలో దింపి, మాతో తొంగుని, తెల్లారే ముందే గోల్ఫుకని భిలాయి వెళిపోయారు. పది గంటలకి వచ్చి తీసుకెళ్తానన్నారు. నేనూ పిల్లా మిగిలాం. "ఆంటీ, తాడు అలగ్గాదు, ఇలగ" అని నామీద అజమాయిషీ చేసింది. మేకులు ఎలగ కొట్టాలో, పొయ్యికి గాలి ఏ వైపునుంచి రావాలో అన్నీ నేర్పింది. వాళ్ళమ్మ నేర్పిందట.

ఆ రోజు కొత్త చీర కట్టుకుందామని తీసుకెళ్ళాను. నువ్వు చెప్పినట్టే, కొత్త చీర ముందు ఆవిడకి పెట్టాకే నేను కట్టుకుంటున్నాను కదా. ఇంట్లో అయితే ఫోటో దగ్గర పెడతాను. ఇక్కడ ఫోటో లేదు, అయినా ఆవిడకి ఇష్టమైన చోటు కదాని మామిడిచెట్టు మొదట్లో చీర, పసుపు, కుంకుమ పెట్టి, కాస్త ఉప్మా పెట్టి దండం పెట్టుకున్నాను. గుడియా ఎప్పుడూ చూళ్ళేదు కాబోలు, "యే క్యా హై?" అంది, ఇదేటని. వచ్చీరాని హిందీలో చెప్పాను. "మీ అమ్మ ముత్తైదువగా వెళ్ళింది. ఈ ఇంటికి పెద్దది. ఆవిడ కట్టాకే నేను కట్టాలి." పిల్ల చెట్టు మొదట్లోకి వంగి చూసింది. చూసి, "మమ్మీకి ఉప్మా ఇష్టం లేదు. చాయ్ పెట్టండి" అంది. తనే గ్లాసులో చాయ్ పోసి చెట్టు దగ్గర పెట్టింది. తరవాత నా పక్కన కూకుని, నా ప్లేటులోంచి ఉప్మా తింది.

ఓలప్పా, ఆ పూట నా సంతోషం ఏం చెప్పను! ఇంక పరవాలేదు, నాలుగు వేసవులు పోతే పిల్ల నాదవుద్ది అనుకున్నాను. కొత్త దుప్పటి కొన్నాను. మూడు స్టీలు కంచాలు టెంటు సామాన్లలో శాశ్వతంగా పెట్టీసాను. వచ్చే ఏడాదికి పెద్ద టెంటు కొందామని ఆయనతో అన్నాను కూడాను. ఆయన ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ ఏమీ అనరు కదాని నేనూ పట్టించుకోలేదు.

ఆఖరి టెంటు వారం ఆయన గోల్ఫు మానీసారు! రెండు రోజులూ ఉంటానన్నారు. నా పంతం నెగ్గిందని ఎగిరిపోయాను. పులిహోర కలిపాను, వంకాయ కాల్చి పచ్చడి చేసాను. సాయంత్రం గట్టు మీద నేనూ గుడియా కూకున్నాం, ఆయన అవతల పుల్లలు ఏరుతున్నారు. నేను ఊరుకోక, "దసరా సెలవులకి కూడా వద్దామే" అన్నాను.

"దసరాకి నేనుండను కదా ఆంటీ. నానీ దగ్గర ఉంటాను. నాగపూర్‌లో ఇస్కూల్లో చేరిపోయాను కదా" అంది. అని, నా మొహం చూసి, "పాపా మీకు చెప్పలేదా?" అంది.

హోలీకి ముందే మాటలైపోయాయటప్పా. వాళ్ళమ్మమ్మ అడిగిందట, ఈయన ఒప్పుకున్నారట, పిల్ల సరేనందట. అక్కడ వాళ్ళమ్మ పెరిగిన గది ఉందట, అందులో ఉంటానందట. అందుకే టెంటు దింపిందప్పా ఆ పిల్ల. వెళ్ళిపోయే ముందు వాళ్ళమ్మ టెంటులో తొంగోవాలని. నేనేమో మా ముగ్గురికీ అదే మొదలనుకుని కంచాలు సర్దుకున్నాను.

పొద్దున్న పిల్ల నీళ్ళ దగ్గరికెళ్ళాక ఆయన్ని నిలదీసాను. నా గొంతు తోటంతా వినబడే ఉంటది. ఆయన చెప్పింది వింటే నీకు నవ్వాలో ఏడవాలో తెలీదు. "పిల్లని చూసుకోడానికే నిన్ను చేసుకున్నానని నువ్వు అనుకోకూడదు పైడీ. ఒకసారి బతుకు చెడి వచ్చావు. నీకీ భారం ఎందుకు అనుకున్నాను. ముందే చెప్తే నువ్వు మొహమాటానికి, ఉంచుకుందాం అంటావు" అన్నారు.

మొహమాటమా! నేను ఇక్కడికి దేనికొచ్చానో ఆ మనిషికి తెలీదప్పా. చెప్పలేదు మరి నేనూ. ఏ ఆడది చెప్తది, నీకోసం కాదయ్యా, నీ పిల్లకోసం వచ్చానని?

ఆయనదీ పాపం ఏడుపే. పిల్ల మొహం చూస్తే మాట మార్చీసుకుంటానేమోనని, అందుకే ఆదివారాలు పారిపోయేవాణ్ణన్నారు. "అయితే ఇప్పుడు మార్చండి" అన్నాను. "అది వెళ్తానంటోంది. వాళ్ళమ్మ ఇంటికి. నేనెలగ ఆపను?" అన్నారు. నేను వెళ్ళి టెంటు మేకులు పీకడం మొదలెట్టాను.

దుర్గ్ స్టేషన్లో రైలెక్కించాం. వాళ్ళమ్మమ్మ వచ్చింది తీసుకెళ్ళడానికి, మంచి మనిషి. నా చెయ్యి పట్టుకుని "బాగా చూసావమ్మా" అంది, పనిమనిషితో అన్నట్టు కాదు గాని, పక్కింటావిడతో అన్నట్టు. నేను ఆపుకోలేకపోయాను. ప్లాట్‌ఫారం మీదే భోరుమన్నాను. గుడియా కిటికీలోంచి చూసి కంగారుపడిపోయింది. "ఆంటీ, మీరెందుకు ఏడుస్తున్నారు?" అంది. వెటకారం కాదప్పా. నిజంగానే తెలీకే అడిగింది. రైలు కదిలేదాకా నా వేపు అలగే చూసింది, అర్థం కాని లెక్కని చూసినట్టు.

ఇప్పుడు ఆదివారాలు ఆయన ఇంట్లోనే ఉంటున్నారు. గోల్ఫు కర్రలు మెట్ల కింద పడీసారు. పోయిన వారం, "మనిద్దరం తాందులా వెళ్దామా?" అన్నారు. "ఇద్దరికి టెంటెందుకండీ, ఈ ఇల్లే పెద్దదయిపోయింది" అనీసాను. అనకుండా ఉండాల్సింది. ఆయన మొహం చిన్నబోయింది. ఇవాళ నేనే టోపీ చేతికిచ్చి, ఆటకి వెళ్ళండి, మీ స్నేహితులు చూస్తుంటారని తోలీసాను. వెళ్ళారు. ఆయన ముందు ఏడిస్తే ఆయనా ఏడుస్తారు, ఇద్దర్నీ ఓదార్చడం నావల్ల కాదు.

నువ్వు మాత్రం బెంగపెట్టుకోకు. నేను బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనరు, అడిగింది తెస్తారు. తిరిగొచ్చీ, అని మాత్రం రాయకు. ఇంకోసారి బతుకు మార్చుకునే ఓపిక లేదు నాకు. ఈసారి ఎవరైనా ఇటొస్తే కొర్రపిండి, కొంచెం ఆవపిండి పంపు. మాగాయ వద్దు, తినేవాళ్ళు లేరు.

లావణ్య పెళ్ళికి తప్పకుండా వస్తాం. నాకొక్క సాయం చెయ్యి. మనవాళ్ళందరికీ ముందే చెప్పీ, పిల్లేదీ అని నన్ను అడగొద్దని. వాళ్ళమ్మమ్మ దగ్గరుందని చెప్పగలను, అది కష్టం కాదు. మరెప్పుడొస్తదే నీ దగ్గరికి, అంటారు ఆ తరవాత. నా పెళ్ళికి వచ్చినవాళ్ళే కదా, నీ ఒళ్ళోకి పిల్లొచ్చిందే అని దీవించినవాళ్ళే కదా, మంచికే అడుగుతారు. వాళ్ళకి నేను ఏటి చెప్పాలప్పా? నా ఒళ్ళోకి రాలేదు, నేనే రైలెక్కించి వచ్చీసాను, అని చెప్పనా?

పెద్దలందరికీ పేరు పేరునా దండాలు, చిన్నోళ్ళకి ముద్దులు. మీ దీవెనలు మామీద ఉండాలి.

నీ చెల్లి,
పైడమ్మ